కాకతీయుల కాలాన్ని పోలిన ఫాంటసీలో స్త్రీ వివక్షను, కులాన్ని ఎలా రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ముందుగా చెబుతాను. మీరు కాకతీయుల కాలాన్ని పోలిన ఒక కల్పిత రాజ్యం నేపథ్యంగా నవల రాస్తున్నారు. అందులో చెరువులను కాపాడే యక్షిణులున్నారు, మంత్రవిద్య ఉంది, తండ్రి తరువాత సింహాసనం ఎక్కవలసిన రాకుమారి ఉంది. మొదటి నాలుగు అధ్యాయాలు చదివిన మిత్రుల్లో ఇద్దరు స్త్రీలు, దాదాపు ప్రతి సన్నివేశంలోనూ ఎవరో ఒక ఆడమనిషి అవమానం పాలవుతోందని, మూడో అధ్యాయంలో కుమ్మరి యువతిపై సామంతుడు చేసిన అత్యాచారాన్ని చదవలేకపోయామని చెప్పారు. మీరు "ఆ కాలంలో అంతే కదా" అన్నారు. అయినా సందేహం తీరక, వివక్షను పూర్తిగా తీసేసి సమానత్వం ఉన్న లోకాన్ని సృష్టించాలా, ఉన్నదున్నట్టు చూపాలా అని అడుగుతున్నారు.

చారిత్రక, జానపద నవలల రాతప్రతులు చదివి సలహా చెప్పే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి ఈ సందేహం నాకు కొత్త కాదు. రెండు దారులూ మీకు తెరిచే ఉన్నాయి. వివక్ష లేని రాజ్యాన్ని ఊహించడం తప్పు కాదు, వివక్షతో నిండిన రాజ్యాన్ని రాయడమూ తప్పు కాదు. కాని రెండో దారి పట్టినవారు ఆ వివక్షను ఒక వ్యవస్థగా రాయాలి. దానివల్ల ఎవరికి ఏం దక్కుతోంది, దాన్ని రోజూ ఎవరు అమలు చేస్తున్నారు, అందులో సందులు ఎక్కడున్నాయి, వాటిని ఎవరు కనిపెట్టారు అన్నవి రచయితకు తెలిసి ఉండాలి. మీ నాలుగు అధ్యాయాల్లో లేనిది అదే. అక్కడ అవమానాలున్నాయి, వాటిని నడిపించే యంత్రాంగం లేదు. అందుకే అవి కోట గోడల్లాగా, గుర్రాల డెక్కల చప్పుడులాగా వాతావరణం కోసం పెట్టినట్టు కనిపిస్తున్నాయి.

"ఆ కాలంలో అంతే" అన్న సమర్థన నిలబడదు. చెరువు గట్టున యక్షిణిని కూర్చోబెట్టిన రచయిత, ఆ గట్టుపై నడిచే స్త్రీకి ఏం జరగాలో కూడా తానే నిర్ణయిస్తాడు. పైగా మనం "ఆ కాలం" అనుకునేదాంట్లో చాలా భాగం ఆ కాలానిది కాదు. పెళ్లికూతురి మొదటి రాత్రిపై జమీందారుకు హక్కు ఉండేదన్న కథను ఇంగ్లీషు సీరియళ్లు చూసి మన రచయితలు కూడా తెచ్చుకుంటున్నారు. మధ్యయుగపు యూరప్‌లో అలాంటి చట్టబద్ధమైన హక్కు అమలైనట్టు గట్టి ఆధారం లేదని చరిత్రకారులు తేల్చారు. భర్తలు యుద్ధానికి వెళుతూ భార్యలకు తొడిగేవారని చెప్పే ఇనుప శీల కవచాల సంగతీ అంతే. మ్యూజియాల్లో చూపిన వాటిలో చాలావరకు 18, 19 శతాబ్దాల్లో తయారైనవే. మరోవైపు, మధ్యయుగంలో లండన్ వంటి నగరాల్లో పెళ్లయిన స్త్రీ తన పేరిట వర్తకం చేసుకునే వీలుండేదన్న నిజం మాత్రం ఆ సీరియళ్లలో కనిపించదు. గతం ఎంత క్రూరంగా ఉంటే అంత నిజమనే నమ్మకం మనలో పాతుకుపోయింది. క్రూరత్వం ఉండేది, కాని దానికొక పద్ధతి ఉండేది. ఆ పద్ధతిని తెలుసుకోవడమే మీ పని.

మీరు ఎంచుకున్న కాలంలో అందుకు కావలసినంత సామగ్రి ఉంది. గణపతిదేవుడు 1199 నుంచి 1262 వరకు పాలించి, కుమార్తె రుద్రమదేవికి రాజ్యం అప్పగించాడు. శాసనాల్లో ఆమె చాలాచోట్ల రుద్రదేవ మహారాజుగా, పురుష నామంతో కనిపిస్తుంది. ఆ సమాజం ఒక స్త్రీని సింహాసనం మీద కూర్చోబెట్టడానికి ఒప్పుకుంది, కాని సింహాసనం మగవాడిదే అన్న సూత్రాన్ని వదలకుండా, బిరుదు దగ్గర ఆమెను మగవాడిని చేసి ఒప్పుకుంది. నిండు సభలో రాకుమారిని చూసి సామంతులు నవ్వే సన్నివేశాలు పది రాసినా ఈ ఒక్క వాస్తవంలో ఉన్నంత బరువు రాదు. మీ రాకుమారి తొలిసారి తన పేరిట వెలువడిన శాసనం చదివించుకుని, అందులో తన పేరు తనకే కొత్తగా వినబడినప్పుడు ఏం అనుకుంటుంది? లేఖకుడు దాన్ని మర్యాదగానే రాశాడు, ఆమెను కించపరచాలని కాదు. ఆ మర్యాదలోనే వివక్ష ఉంది.

మోటుపల్లి రేవు ఉన్న ఈ రాజ్యం గురించి రాసిన మార్కో పోలో, ఇక్కడి రాణి న్యాయాన్నీ శాంతినీ కోరే పాలకురాలని మెచ్చుకున్నాడు. కాని ఆమెను చనిపోయిన రాజుకు భార్యగా పొరబడ్డాడు. కూతురు వారసురాలు కావడం దూరదేశపు వర్తకుడికి తట్టలేదు, రాణి అంటే రాజు భార్యే అనుకున్నాడు. పరాయి దేశపు రాయబారి మీ కథలోకి వచ్చినప్పుడు ఇలాంటి పొరపాటు ఒకటి చేయించండి. ఎవరూ ఎవరినీ తిట్టకుండానే పాఠకుడికి విషయం అర్థమవుతుంది.

నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే అనుచరుడు చేసిన దానాన్ని నమోదు చేస్తుంది. ఆమె మరణించిన కాలం గురించి మనకు తెలిసింది ఎక్కువగా దాని ద్వారానే. కాయస్థ అంబదేవుడు ఆమెపై తిరగబడిన మాట నిజమే. కాని అతడు సొంత రాజ్యం కోసం ఆశపడిన సామంతుడు. రాజు మగవాడైనా తిరగబడి ఉండేవాడేమో. మీ నవలలోని సామంతుడు "ఆడదాని కింద పడి ఉండను" అన్న ఒక్క కారణంతో కత్తి దూస్తున్నాడు కాబట్టి బొమ్మలా కనిపిస్తున్నాడు. అతడికి సరిహద్దు భూమి మీద ఆశ ఉండాలి, పాత పగ ఉండాలి, వాటికి మర్యాదైన ముసుగుగా ఆమె ఆడపుట్టుక పనికిరావాలి. వివక్ష ఎక్కువసార్లు పనిచేసేది ఇలాగే, మరొకరి స్వార్థానికి సిద్ధంగా దొరికే సాకుగా.

రాణి కాని స్త్రీలను కూడా చూడండి. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ బయ్యారంలో ధర్మకీర్తి సముద్రమనే చెరువు తవ్వించి శాసనం వేయించింది. కాకతీయుల వంశక్రమం గురించి మనకు తెలిసిన ముఖ్యమైన ఆధారాల్లో ఆ శాసనం ఒకటి. గణపతిదేవుడి మరో కుమార్తె గణపాంబ, భర్త కోట బేతరాజు చనిపోయాక ధరణికోట ప్రాంతాన్ని పాలించింది, భర్త పుణ్యం కోసం గుడి కట్టించింది. గుడిసానులు, అంటే గుడి సేవకు అంకితమైన స్త్రీలు, తమ పేరిట దానాలు చేశారు. వారిలో కొందరు నాయకుల, సెట్ల కుమార్తెలమని చెప్పుకున్నారు. అదే శతాబ్దంలో కవి కేతన తెలుగులోకి తెచ్చిన ధర్మశాస్త్రానికి మూలమైన మితాక్షర అనే సంస్కృత గ్రంథం, అన్నదమ్ములతో ఆస్తి పంచుకుని విడిగా ఉన్న భర్త కొడుకులు లేకుండా పోతే భార్యకు వారసత్వం ఇస్తుంది, స్త్రీధనాన్ని విశాలంగా గుర్తిస్తుంది. అన్నదమ్ములు కలిసి ఉన్న ఇంట్లో మాత్రం ఆ విధవకు దక్కేది తిండీ బట్టా మాత్రమే.

కథకు కావలసిన ఉద్రిక్తత అంతా ఈ చివరి తేడాలో ఉంది. మీ నాలుగో అధ్యాయంలో ఒక విధవను బంధువులు చావబాది ఇంట్లోంచి గెంటేస్తారు. దానికి బదులు, భర్త బతికి ఉండగా ఆస్తి పంపకం జరిగిందా లేదా అన్న మీద ఊరి పెద్దల ముందు వాదన పెట్టండి. పంపకం జరగలేదని మరిది ప్రమాణం చేస్తాడు. జరిగిందని తెలిసిన ఒకే ఒక్క సాక్షి అత్తగారు. చిన్న కొడుకు పంచన బతకవలసిన ఆ ముసలావిడ ఏం చెబుతుంది? ఆవిడ దుర్మార్గురాలు కానక్కర లేదు, కోడలంటే ప్రేమ కూడా ఉండవచ్చు. చెయ్యి లేపకుండానే, ఒకరు మౌనంగా ఉండడం వల్ల ఒక స్త్రీ సర్వం కోల్పోతుంది, మౌనంగా ఉన్నది మరో స్త్రీ. దెబ్బల సన్నివేశాన్ని పాఠకుడు నాలుగు పుటల్లో మరచిపోతాడు, దీన్ని మరచిపోడు.

ఇక కులం. మీరు నాలుగు వర్ణాలను నాలుగు మెట్లుగా పేర్చి, అందరూ తమ మెట్టు గురించే మాట్లాడుకునేలా రాశారు. కాకతీయుల నాటి శాసనాల్లో వర్ణం ప్రస్తావన తక్కువ, నాయకుడు, రెడ్డి, సెట్టి, బోయ వంటి హోదా పేర్లే ఎక్కువ. కాకతీయులతో సహా చాలామంది పాలకులు తమది నాలుగో వర్ణమని, విష్ణువు పాదాల నుంచి పుట్టామని గర్వంగా చెప్పుకున్నారు. యుద్ధం చేయగలవాడు పైకి రాగలిగిన కాలమది. అయితే దీన్నిబట్టి కులబాధ లేదనుకుంటే అది ఇంకా పెద్ద పొరపాటు. శాసనం వేయించేది దానం ఇవ్వగల స్తోమత ఉన్నవాడు. దానమివ్వడానికి సెంటు భూమి లేనివాడు రాతి మీద మాట్లాడడు. 1261 నాటి మల్కాపురం శాసనం మందడం దగ్గర గోళకీ అనే శైవ మఠానికి అనుబంధంగా ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం నెలకొల్పిన సంగతి చెబుతూ, బ్రాహ్మణుడి నుంచి చండాలుడి వరకు వచ్చినవారందరికీ అన్నం పెట్టాలంటుంది. ఎంతో గొప్ప మాట. కాని ఆ మాట ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చిందంటే, మామూలుగా అన్నం దగ్గర గీత ఎక్కడ గీసేవారో కూడా అది చెబుతోంది.

మీ కథలో చెరువులే కేంద్రం కాబట్టి కులాన్ని నీళ్ల గుండా చూపించండి. చెరువు కట్టించినవారికి, దాన్ని కాపాడేవారికి దశబంధం పేరిట భూమి, పంటలో భాగం దక్కేవి. మట్టి మోసినవారి పేర్లు శాసనాల్లో వెతికినా కనబడవు. తూము ఎత్తి ఏ పొలానికి ఎంత నీరు వదలాలో చూసే నీరటి పని తరతరాలుగా చాలా ఊళ్లలో ఊరి వెలుపల వాడలో ఉండేవారిది. ఊరంతటికీ నీళ్లు పంచే మనిషిని ఊరి బావిలో చేద వేయనిచ్చేవారు కాదు. ఈ ఒక్క విషయం చుట్టూ మీ నవల రెండో భాగమంతా అల్లుకోవచ్చు. యక్షిణి ఎవరి మాట వింటుంది? కట్టించిన రాకుమారి మాటా, బలి ఇచ్చే పూజారి మాటా, రోజూ తన నీటిలో మోకాళ్ల దాకా దిగే నీరటివాడి మాటా? ఆమె నీరటివాడి మాట వింటుందని ఊరికి తెలిసిన రోజున అతడిని గౌరవిస్తారా, చంపుతారా, లేక అతడి విద్యను పూజారి కొడుకుకు నేర్పించి అతడిని మళ్లీ వాడకు పంపేస్తారా?

మంత్రం ఉన్న లోకంలో అణచివేత కూడా ఆ మంత్రానికి తగ్గట్టు మారాలి. మీ రాజ్యంలో స్త్రీలు మంటను పిలవగలరు, అయినా వంటింటి నియమాలు అన్నీ మంత్రం లేని లోకంలో ఉన్నట్టే ఉన్నాయి. నిప్పును శాసించగల మనిషిని ఇంట్లో కట్టిపడేయడానికి ఏదో ఒక ఏర్పాటు ఉండాలి కదా. మంత్రాక్షరాలు మగపిల్లలకు మాత్రమే నేర్పుతారా, రజస్వల కాగానే ఆడపిల్ల గొంతుకు ఏదైనా కట్టు వేస్తారా, పెళ్లితో ఆ శక్తి భర్త ఇంటి ఆస్తిగా నమోదవుతుందా? ప్రసవంలో స్త్రీలు చనిపోకుండా కాపాడే విద్య ఉంటే, కాన్పు భయం మీద ఆధారపడ్డ ఆచారాలన్నీ మారిపోవాలి. వీటికి మీరు జవాబులు రాసి పెట్టుకోండి. అన్నీ నవలలోకి రానక్కర లేదు, కాని రచయితకు తెలియకపోతే మాత్రం పాఠకుడు పసిగడతాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. కులాన్ని నేరుగా రాయడానికి జంకి, చాలామంది రచయితలు అణగారిన జనానికి బదులుగా భూతాంశ గలవారినో, తాకితే విషమెక్కించే జాతినో సృష్టిస్తారు. మీ అడవి తెగ విషయంలో ఆ ఛాయ ఉంది. ఆ తెగవారు నిజంగానే తాకినవారిని చంపగలిగితే, వారిని ఊరికి దూరంగా ఉంచడం సమంజసమే అవుతుంది. తెలియకుండానే మీరు అంటరానితనానికి ఒక హేతువు కల్పించినవారవుతారు. అసలు అంటరానితనానికి అలాంటి హేతువు ఏదీ లేదు, దాని ఘోరమంతా అందులోనే ఉంది. ఆ తెగకు ఏ విషమూ లేదని, ఉందన్న పుకారు వల్ల అడవి దక్కుతున్నది ఎవరికో మీ కథ చూపాలి.

"అప్పటి మనుషులకు ఇవి తప్పని తోచదు కదా" అని మీరు రాసిన మాటతో నేను ఏకీభవించను. 12వ శతాబ్దంలో కన్నడ దేశపు కల్యాణ నగరంలో బసవేశ్వరుడి చుట్టూ చేరిన శరణులనే శివభక్తుల్లో చెప్పులు కుట్టే హరళయ్య కొడుకుకూ, బ్రాహ్మణుడైన మధువరసుడి కూతురికీ పెళ్లి జరిగిందని, దానికి ఆ తండ్రులిద్దరూ ప్రాణాలతో మూల్యం చెల్లించారని వీరశైవ సంప్రదాయం చెబుతుంది. ఆ బసవేశ్వరుడి కథను పాల్కురికి సోమనాథుడు తెలుగులో, అదీ దేశి ఛందస్సులో, మామూలు జనం పాడుకునేలా రాశాడు. పల్నాటి వీరుల కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాపపై కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు, మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా భావించి సేనాపతిని చేశాడు. 15వ శతాబ్దంలో అన్నమయ్య, రాజు నిద్రా బంటు నిద్రా ఒకటేనని, బ్రాహ్మణుడు మెట్టే భూమీ చండాలుడు ఉండే భూమీ ఒకటేనని పాడాడు. ఎదిరించే ఆలోచన ప్రతి కాలంలోనూ ఉంది, అది ఆ కాలపు మాటల్లో ఉంది. కాబట్టి మీ కుమ్మరి యువతి హక్కుల గురించి ఉపన్యాసం ఇవ్వనక్కర లేదు. "నా చేతి కుండలో వండినది దేవుడు తింటున్నాడు, నా చేతి నీళ్లు నీకు పనికిరావా" అని ఆమె అడగగలదు. అది ఆమె పనిలోంచి పుట్టిన మాట, అందుకే పదునైనది.

అదే పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మను కూడా చూడండి. నలగామరాజు దగ్గర మంత్రిగా ఎదిగిన స్త్రీ ఆమె. రాజ్యం కోసం తలపడినవారూ, కత్తులు దూసినవారూ ఎక్కువమంది మగవారే అయినా, తరతరాల జనం నోట యుద్ధానికి మూలకారణంగా నిలిచింది నాగమ్మ. కుయుక్తులు ఆమెవి కావని నేననను. అవే మగ మంత్రి పన్నితే రాజనీతి అయ్యేవని మాత్రం గట్టిగా నమ్ముతాను. మీ నవలలో అలాంటి పాత్ర ఉంటే, ఆమె చేసిన పనినీ, దాని గురించి ఊరు చెప్పుకునే కథనూ వేరువేరుగా చూపే అవకాశం మీకుంది.

మూడో అధ్యాయం గురించి సూటిగా చెబుతాను. ఆ అత్యాచార సన్నివేశం ఇప్పుడున్న రూపంలో ఉండకూడదు. అది కుమ్మరి యువతి కథలో భాగంగా రాలేదు, మీ కథానాయకుడికి కోపం తెప్పించడానికి వచ్చింది. సంఘటన తరువాత ఆమె పేరు నవలలో మళ్లీ రెండు చోట్ల మాత్రమే, అదీ అతడి జ్ఞాపకంగా వినబడుతుంది. వర్ణన అంతా చూసేవాడి కంటితో ఉంది, ఆమె శరీరం గురించిన వివరాలే తప్ప ఆమె తలపులు లేవు. మీ స్నేహితురాళ్లు చదవలేకపోయింది విషయం కఠినమైనది కావడం వల్ల కాదు. ఆ విషయాన్ని తమ జీవితాల్లో అంతకన్నా దగ్గరగా ఎరిగినవారు కావడం వల్ల, అక్కడి అబద్ధం వారికి వెంటనే కనబడింది. ఆ సంఘటన మీ కథకు నిజంగా అవసరమైతే, తలుపు మూసుకున్న తరువాత జరిగినది రాయకండి. మరునాడు ఆమె సారె దగ్గర కూర్చుందా లేదా, ఇంట్లో ఎవరికి చెప్పింది, విన్నవారు సామంతుడి కోటకు కుండలు పంపడం మానగలిగారా లేక ఆ వారం బాకీ కోసం మళ్లీ ఆమె అన్నే వెళ్లవలసి వచ్చిందా అన్నవి రాయండి. నవల చివరి వరకు ఆమె మనిషిగా కొనసాగాలి. అందుకు చోటు లేకపోతే ఆ సంఘటననే తీసేయండి.

మిగిలిన అవమానాల సంఖ్య కూడా తగ్గించవలసిందే. ప్రతి పుటలో చూపితే పాఠకుడు మొద్దుబారిపోతాడు. ఒక్కదాన్ని పూర్తిగా చూపి, తరువాత దాని ప్రభావం మాత్రమే చూపితే చాలు. ఆమె చెరువుకు వెళ్లే దారి మార్చుకుంటుంది, దూరమైనా సరే. ఎందుకో మీరు చెప్పనక్కర లేదు.

కథకుడి గొంతు గురించి కూడా ఒక మాట. మీ కథనంలో రాజును "ఆయన" అంటున్నారు, సామంతుడిని "అతడు" అంటున్నారు, నీరటివాడిని "వాడు", దాసిని "అది" అంటున్నారు. పాత్రలు అలా పిలుచుకుంటే అది ఆ లోకపు లక్షణం. కథకుడే అలా అంటే వివక్ష చేస్తున్నది రచయిత. కథనంలో అందరికీ ఒకే స్థాయి సర్వనామం వాడి చూడండి, సంభాషణల్లోని ఏకవచనం అప్పుడు పాఠకుడికి చెంపదెబ్బలా తగులుతుంది. తిట్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఈనాటికీ మనుషులను గాయపరచడానికి వాడుతున్న కులనామాలను కల్పిత రాజ్యంలో తిట్లుగా పెట్టవలసిన అవసరం లేదు. ఆ లోకానికి తగిన తిట్టును మీరే పుట్టించగలరు.

ఇవన్నీ నేను సమర్థించడం లేదని ముందుమాటలో రాయాలా అని అడిగారు. అక్కర లేదు. దానికన్నా, అచ్చుకు ముందు నవలను ఇద్దరు ముగ్గురు స్త్రీల చేత, వాడల్లో పుట్టి పెరిగి రచనలో ఆసక్తి ఉన్నవారి చేత చదివించండి. అనుమతి కోసం కాదు, మీ కంటికి ఆననివి వారి కంటికి ఆనుతాయి కాబట్టి. అది శ్రమతో కూడిన పని, ప్రతిఫలం ఇచ్చి చేయించుకోండి.

చివరగా, రాకుమారి గెలిచి రాజ్యంలో వివక్షను రూపుమాపేలా ముగించాలా అన్న ప్రశ్న. రుద్రమదేవి తరువాత సింహాసనం ఆమె కూతురికి కాక, కూతురి కొడుకు ప్రతాపరుద్రుడికి వెళ్లింది. 1323లో ఓరుగల్లు పతనమయ్యే దాకా అతడే రాజు. ఒక స్త్రీ పాలించినంత మాత్రాన వారసత్వ సూత్రం మారలేదు. మీ రాకుమారి కూడా అంతా మార్చలేకపోవచ్చు. అయితే ఒక్క శాసనం మాత్రం ఆమె చేత వేయించండి, దశబంధంలో నీరటివాళ్లకు భాగమివ్వాలనో, కూతురికి తండ్రి భూమి చెందాలనో. అది వేయించడానికి ఆమె ఎవరితో రాజీపడింది, అందుకు ఏ అన్యాయాన్ని చూసీ చూడనట్టు వదిలేసింది, ఆ రాతిని ఊళ్లో నిలబెట్టనివ్వకుండా అడ్డుపడినవారిలో ఆమె సొంతవాళ్లు ఎందరు అన్నది రాస్తే, మీ చివరి మూడు అధ్యాయాలకు కావలసిన కథ దొరుకుతుంది.